ఆపుకున్న దగ్గు

వార్నిష్ ఆరేదాకా ఆ ఇంట్లో కిటికీ తెరవకూడదు. అది పాలిష్ మేస్త్రి పెట్టిన చట్టం. తెరిస్తే వీధి దుమ్మంతా తడి మీద అతుక్కుని, పడ్డ కష్టం మట్టిపాలవుతుంది.

ఆ మధ్యాహ్నం ముందుగదిలో పెద్ద భోజనాల బల్ల ఆరుతోంది. లోపలి గదికి అడ్డం ఒక్క కర్టెనే. అక్కడ, మేస్త్రి ఆరేళ్ళ కూతురు గువ్వ జలుబు చేసి పడుకుని ఉంది.

"ఏమండీ, దానికి పిల్లికూతలు మొదలయ్యాయి. ఇన్‌హేలర్ ఇవ్వనా?" భార్య భయంభయంగా అడిగింది.

"ప్రతి జలుబుకీ అదేనా? అలవాటైపోతే జన్మలో వదలదు. నెలల పిల్లప్పుడెప్పుడో ఛాతీ జబ్బు చేసింది, తగ్గింది. ఇంకా దాన్నే పట్టుకుని వేలాడతావేంటే?"

చూశారా మేస్త్రిగారి వైద్యం! ఇలాంటి వైద్యులు మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు?

కాసేపటికి కర్టెన్ కదిలింది. గువ్వ గడప పట్టుకుని నిలబడింది. భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. పెదవులు నల్లబడ్డాయి.

"నా..." అంది. 'నాన్నా' అనడానికి ఊపిరి చాల్లేదు.

మేస్త్రి పైప్రాణాలు పైనే పోయాయి. బల్లకు గుద్దుకుంటూ వెళ్ళి పిల్లను ఎత్తుకున్నాడు. భార్య అటక మీంచి ఇన్‌హేలర్ లాగింది. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని మందు పడుతూనే ఉంది, పిల్ల ఎగశ్వాస మాత్రం తగ్గలేదు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, పిల్ల తేరుకున్నాక, భార్య చెప్పిందంతా విని డాక్టరమ్మ మేస్త్రివైపు తిరిగింది.

"ఇన్‌హేలర్ ఎందుకు ఆపారు?"

"అలవాటైపోతుందని..."

"రోజూ అన్నం తింటున్నారుగా, అలవాటైపోతుందని మానేశారా? పసితనంలో ఊపిరితిత్తులకు గట్టిగా జబ్బు చేస్తే, కొందరు పిల్లలకు ఏళ్ళ తరబడి ఈ ఆయాసం వస్తూనే ఉంటుంది మేస్త్రీ. జలుబు, పొగ, మీ వార్నిష్ వాసన, ఏదైనా చాలు. ఆ వాసనలో పిల్లను పెట్టి కిటికీలు మూస్తారా?"

గువ్వ అతని వేలు పట్టుకుంది.

"పొద్దున్నించీ ఆయాసమే నాన్నా. నువ్వు కోప్పడతావని దగ్గు ఆపుకున్నాను."

మేస్త్రి మంచం పక్కన కూలబడి బావురుమన్నాడు.

అమ్మలారా, అయ్యలారా! పసితనంలో వచ్చిన జబ్బు తగ్గిందని బిడ్డ ఊపిరి మీద మీరే తీర్పు చెప్పకండి. మందు ఆపాలంటే డాక్టర్ని అడగండి, ఆయాసం వస్తోందని చెప్పడానికి మాత్రం మీ బిడ్డ మీకు భయపడకుండా చూసుకోండి.