మధ్యాహ్నం మూసుకునే ఆకులు

తడిగానే ఉంచాలట, ఎంత తేలిగ్గా అన్నాడు మా ప్రాజెక్టు పెద్ద శ్రీధర సారు, బెంగళూరులో చల్లటి గదిలో కూర్చుని, కంప్యూటర్ మోడల్లో నేల తడిగానే ఉంచమ్మా వినుతా, అప్పుడు ఆకులు తెరుచుకునే ఉంటాయి, గాలిలో ఓజోనును పీల్చుకుంటూనే ఉంటాయి, రాబోయే మండుటెండల్లో కూడా, ఫోన్ పెట్టేసినా నోట్లో చేదు పోవడం లేదు, గౌనిపల్లిలో నేత్రావతి మామిడితోటలో ఆకు ఎంత తెరుచుకుందో కొలిచే క్లిప్పును ఆకుకు తగిలించి నిలబడ్డాను, కాళ్ళ కింద నేల పెళ్ళలు పెళ్ళలుగా లేస్తోంది, దీన్ని ఒక్కసారి చెప్పులు విప్పి తొక్కి చూడమనాలి ఆయన్ని, క్లిప్పులో అంకె మళ్ళీ సున్నా దగ్గరే, ఆకు అడుగున కంటికి కనపడని నోళ్ళుంటాయి, చల్లటి వేళ తెరుస్తుంది, గాలితో పాటు ఓజోనూ లోపలికి పోతుంది, ఎండ ముదిరితే ఉన్న కాస్త నీరు పోకుండా అన్నీ మూసేసుకుంటుంది, సరిగ్గా అప్పుడే బండ్ల పొగ ఎండకు ఉడికి ఊపిరి పాడుచేసే ఓజోనై ఊళ్ళ మీద పడుతుంది, నీళ్ళు కట్టొచ్చు కదా నేత్రావతమ్మా అంటే ఆమె నవ్వింది, బోరులో తాగేదానికే లేవు, మాన్లకు యాడనుంచి కట్టేదమ్మా, ఇంగ వానొస్తేనే.

చెట్లే గాలిని కడిగేస్తాయని నేను రిపోర్టులో రాసిస్తే వేసవి మధ్యాహ్నాలు పిల్లల్ని బయటికి పంపొద్దనే హెచ్చరిక జిల్లాలో అక్కర్లేదని తేలిపోతుంది, పై అధికారులకు కావాల్సింది అదే, కేజీఎఫ్ బంగారు గనుల సైనైడు దిబ్బ మీద నాలుగు మొక్కలు నాటి ఫొటో దిగితే పని అయిపోతుంది, ఛీ, బడివాళ్ళు ఎప్పట్లాగే మిట్టమధ్యాహ్నం పరుగుపందేలు పెడతారు, మా అబ్బాయి చిన్మయ్ పరుగెత్తుతాడు, పోయిన వేసవిలో అలాగే పరుగెత్తి వచ్చి పిల్లికూతలు పెడుతుంటే వాడి వీపు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను, ఆ పిల్లికూతలు నాకు కొత్త కాదు, తాత ఛాతీలో విన్నవే, తాత గని లోపల టైమ్‌కీపర్, షిఫ్టు దిగి వస్తూనే బెల్లం ముక్క బుగ్గన పెట్టుకునేవాడు, బెల్లం తింటే రాతిధూళి కిందికి దిగిపోతుంది పాపా అనేవాడు, గనివాళ్ళ లైను ఇళ్ళలో అందరూ తినేవారు, కాదని చెప్పాల్సిన గని కంపెనీవాళ్ళు చెప్పలేదు, ధూళి ఆపడం కన్నా బెల్లం చౌక కదా, ధూళి ఎక్కడికీ దిగలేదు, ఊపిరితిత్తుల్లోనే గట్టిపడింది, ఆఖరి రోజుల్లో తాత పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు, బెల్లం పాకం వాసన వస్తే ఇప్పటికీ అక్కణ్ణుంచి లేచి పోతాను.

ఫోన్ మోగింది, మళ్ళీ శ్రీధర సారే, ఏమమ్మా, ఒక్క లైను మార్చేదానికి ఇంత సేపా, ఆ మెత్తటి గొంతు వింటుంటే అర్థమైంది, తడి నేల కూడా బెల్లం ముక్కే, ఈసారి నా చేత పంచిపెట్టిస్తున్నాడు, నేల ఎండిపోయుండాది సార్, ఎండినట్టే రాస్తాను అన్నాను, అయితే రిపోర్టులో నీ పేరుండదు అన్నాడు, ఉండొద్దు సార్, నా కొలతలు నా పేరుతోనే ఈ ఊళ్ళ బడులకు పంపుకుంటాను అన్నాను, ఫోన్ కట్టయింది, ఉద్యోగం పోతుందేమో, పోనీ, వెంటనే కేజీఎఫ్ ఇంటికి ఫోన్ చేశాను, అమ్మా, చిన్మయ్ యాడుండాడు, బయట ఆడుకుంటుండాడే, ఇంటి ముందర హొంగె మాన్ల నీడుండాది కదా, గాలి బాగుంటుందని నేనే పంపినాను అంది మా అమ్మ వత్సల, నన్ను కన్న అమ్మే, నా చదువుకు మురిసిపోయే అమ్మే, ఆమె బుగ్గన కూడా అదే బెల్లం ముక్క, లోపలికి పిలువమ్మా, పొద్దు వాలేదాకా తలుపేసి పెట్టు అన్నాను, అవతల చిన్మయా అనే కేక, పరుగెత్తే అడుగులు, గడియ పడిన చప్పుడు, క్లిప్పులోని ఆకును మెల్లగా వదిలేశాను, ఇది మన విషం మింగడానికి పుట్టలేదు, ఇదీ బతకాలి, అందుకే మధ్యాహ్నం నోరు మూసుకుంటుంది, గనిలో తాతకు ఆ వీలు లేకపోయింది, చిన్మయ్‌కు తలుపు ఉంది.