అయిదు కాదు, సున్నా

నేను ఒక బైనాక్యులర్‌ని. అంబాలాలో ఒక కార్ఖానా మనిషి నాకు రెండు మంచి కళ్ళు పెట్టి, నోరు మాత్రం పెట్టకుండా పంపేశాడు. ఆ నోరే ఉంటే, నా పేరు చెప్పి అబద్ధమాడినవాళ్ళను నలుగురిలో నిలబెట్టి కడిగేసేదాన్ని.

అనంతపురం వైపు ఒక డిగ్రీ కాలేజీలో, జువాలజీ శాఖలో వచ్చి పడ్డాను. ఏడేళ్ళు బీరువాలో, సీసాల్లో నానుతున్న కప్పల పక్కన కూర్చున్నాను. తనిఖీవాళ్ళు వచ్చిన రోజు నన్ను తుడిచి బల్ల మీద పెట్టేవాళ్ళు. నన్ను చూసి తలలూపిన పెద్దమనుషులే గానీ, నాలోంచి చూసినవాడు ఒక్కడు లేడు. మనుషుల చదువంటే ఇంతే కాబోలని సరిపెట్టుకున్నాను.

ఎనిమిదో ఏడు ఫైనలియర్ పిల్లలు ఇరవై రెండు మందిని రాజస్థాన్ ఎడారికి తీసుకెళ్ళారు. శాఖాధిపతి ప్రభులింగం సారు నన్ను మెడలో వేసుకున్నాడు. రైలెక్కుతూ ఒక ఫొటో, ఇసుక దిబ్బ మీద ఒక ఫొటో, ఒంటె పక్కన ఇంకొకటి. అన్నిట్లోనూ నా కళ్ళకు మూతలు అలాగే ఉన్నాయి. ఎడారికి వచ్చి కళ్ళు మూసుకుని నిలబడడం ఎంత తలవంపో మీకు తెలియదు.

ఆ పిల్లల్లో హొన్నూరమ్మ అని ఒకమ్మాయి ఉంది. రాయదుర్గం దగ్గర గొర్రెల కాపరుల ఇంటి పిల్ల. మొదటిరోజే సారు దగ్గరికొచ్చి, "సార్, ఒకసారి ఇస్తారా?" అని అడిగింది.

"పగిలితే ఎవరిదమ్మా పూచీ?" అన్నాడాయన.

రెండో రోజు ఎండకు సారు నడవలేక ఒక జమ్మిచెట్టు కింద కూలబడ్డాడు. నా బరువు కూడా మోయలేక, "ఇదిగో, పట్టుకో" అని నన్ను ఆమెకిచ్చాడు. ఆమె చేసిన మొదటి పని నా మూతలు తీయడం.

ఏడేళ్ళ చీకటి వదిలింది. దారి చూపడానికి వచ్చిన ఖేతారామ్ అనే ముసలి ఒంటెల కాపరి వెనకాలే ఆమె నడిచింది. మిగతా పిల్లలు సెల్‌ఫోన్లలో సిగ్నల్ వెతుక్కుంటుంటే, ఆమె ఇసుక మీద అడుగుజాడలు చూసి, "ఇది నక్క కదా తాతా?" అని వచ్చీరాని హిందీలో అడిగింది. ముసలాయన ముఖం వెలిగిపోయింది. బొరియ నోట్లో కూర్చుని ఎండ కాగుతున్న ముళ్ళతోక బల్లిని చూశాం. ఎడారి నక్కను, దూరంగా రెండు చింకారా జింకలను చూశాం. చూసిన ప్రతిదీ, చూసిన వేళతో సహా, ఆమె నోటుపుస్తకంలో రాసుకుంది.

మూడో రోజు వెతికింది బట్టమేక పిట్టను. మనిషి నడుమంత ఎత్తు పక్షి. "మా అవ్వ చిన్నప్పుడు మా కొర్రచేలల్లో తిరుగుతాండెనంట. ఇప్పుడు ఒక్కటీ లేదు" అని హొన్నూరమ్మ ఖేతారామ్‌కు చెప్పింది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గడ్డిమైదానమంతా జల్లెడ పట్టాం. ఆమె నన్ను కళ్ళ దగ్గర నుంచి దించనే లేదు. పిట్ట జాడ లేదు.

చివరికి ఒకటి దొరికింది, పెద్ద కరెంటు తీగల కింద. రెక్క విరిగి, సగం నక్కలు తిన్న కళేబరం.

"దీని కళ్ళు పక్కలకుంటాయి బిడ్డా" అన్నాడు ఖేతారామ్. "ఎదురుగా ఉన్న తీగ కనబడదు. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పిట్ట. ఇట్లా పోతే ఇక ఏం మిగులుతుంది?"

హొన్నూరమ్మ దాని పక్కన కూర్చుంది. నా అద్దాల మీద రెండు చుక్కలు పడ్డాయి. ఓణీ కొంగుతో తుడిచింది.

సాయంత్రం బసలో ప్రభులింగం సారు కాళ్ళు చాపుకుని అందరిచేతా రికార్డు రాయించాడు. "బట్టమేక పిట్టలు, అయిదు. రాసుకోండి."

ఇరవై ఒక్క పెన్నులు కదిలాయి.

"మనం ఒక్కటీ చూడలేదు కదా సార్?" అంది హొన్నూరమ్మ.

"అంత దూరం పోయి చూడలేదని రాస్తే తనిఖీవాళ్ళు నవ్వరా? రాయమ్మా."

"చచ్చిపోయింది ఒకటి చూసినాం సార్. అది రాస్తా."

"నీకు మార్కులు కావాలా, పిట్ట కావాలా?"

ఆమె 'బతికున్నవి: సున్నా. చనిపోయినది: ఒకటి, కరెంటు తీగల కింద' అని రాసింది. నేను ఆమె ఒళ్ళోనే ఉన్నాను. ఆ గదిలో నిజంగా చూసిన కళ్ళు మా ఇద్దరివే. మమ్మల్ని మాత్రం ఎవరూ నమ్మలేదు. ఇంటర్నల్ మార్కుల్లో అందరికీ ఇరవైకి పైన వస్తే ఆమెకు తొమ్మిది వచ్చాయి. ఆమె పోట్లాడలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత కాలేజీలో చిన్న ప్రదర్శనశాల పెట్టారు. నన్ను అద్దాలపెట్టెలో కూర్చోబెట్టి ముందొక చీటీ అంటించారు: 'ఈ బైనాక్యులర్‌తో మన విద్యార్థులు అయిదు బట్టమేక పిట్టలను చూశారు.' నా చేత దొంగసాక్ష్యం చెప్పిస్తున్నారు! వచ్చినవాళ్ళంతా చదివి అబ్బో అనేవాళ్ళు. పగిలిపోదామన్నా కిందపడే వీలు లేదు.

రెండేళ్ళకు సర్టిఫికెట్ల కోసం హొన్నూరమ్మ వచ్చింది. పక్షుల్ని లెక్కపెట్టే పనిలో చేరిందట, ముఖం ఎండకు కమిలిపోయి ఉంది. చీటీ చదివి, "ఓబులేసన్నా, ఈ పెట్టె ఒకసారి తీస్తావా?" అని అటెండరును అడిగింది. అయిదును కొట్టేసి, పైన 'సున్నా' అని రాసి, పక్కన సంతకం, తేదీ వేసి వెళ్ళిపోయింది.

మర్నాడు తనిఖీకి ముందు ప్రదర్శనశాల సర్దించడానికి వచ్చిన ప్రభులింగం సారు చీటీ చూసి ఊగిపోయాడు. "ఎవర్రా ఇది రాసింది? తీసెయ్! మళ్ళీ అయిదని రాయి!"

ఓబులేసు కొత్త చీటీ, పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "ఆ పాప సంతకం పెట్టి రాసింది సార్. మీరూ అయిదని రాసి ఒక సంతకం పెట్టండి, అంటిస్తా."

సారు పెన్ను తీసుకున్నాడు. మూత తీశాడు. నా వైపు చూశాడు, ఆమె సంతకం వైపు చూశాడు. పెన్ను మూత పెట్టి, బల్ల మీద పెట్టి, క్లాసుకు ఆలస్యమైందంటూ వెళ్ళిపోయాడు.

ఆ రోజు క్లాసు లేదు. ఆదివారం.