సంగీత చెరిపేసిన మ్యాపు

ధర్మవరం నుంచి హిందూపురం పోయే పొద్దుటి ప్యాసింజరులో అమర్‌నాథ్ కూర్చోలేదు. సీట్లు లేక కాదు, బోగీ సగం ఖాళీగానే ఉంది. కూర్చుంటే చేతిలో చుట్టిన భారతదేశం మ్యాపు నలుగుతుందని భయం. నలభైకి మూడేళ్ళు తక్కువ వయసున్న మనిషి ఆ మ్యాపును నిలువుగా పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంటే, పెనుకొండలో ఎక్కిన ఒక పెద్దాయన ఉండబట్టలేక పలకరించాడు.

"ఏమప్పా, జెండా ఎగరేసేకి పోతాండావా?"

"లేదు తాతా, పరీక్షకు పోతాండా."

"నీకా, నీ బిడ్డకా?"

"నాకే."

పెద్దాయన ఇంకేమీ అడగలేదు. మంచివాడు.

ఆ రోజు పరీక్షంటే బీఈడీ ఆఖరి పాఠం. పెనుకొండలో ట్రైనింగు కాలేజీకి రెండేళ్ళు తిరిగిన తిరుగుడంతా నలభై అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ వెనక బెంచీలో కూర్చుంటాడు. తను ముందు నిలబడి తొమ్మిదో తరగతికి భూగోళం పాఠం చెప్పాలి. పాసైతే టీచరు. తప్పితే మళ్ళీ మగ్గం గుంటలోకి దిగడమే, ఇంకో ఏడాది అనే మాట లేదు. ఈ రెండేళ్ళూ అతని వంతు మగ్గం కూడా భార్య మంజులతే తొక్కింది. పొద్దున గడప దాటుతుంటే, "పాసై రాప్పా. నా మోకాళ్ళు ఇంకో ఏడాదికి ఒప్పుకోవు," అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటేనే నయమనిపించింది అతనికి.

పాఠం అంటే అతనికి భయం లేదు. భయమంతా బొమ్మ గీయడంతోనే.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. అమర్‌నాథ్ పదకొండో ఏట మగ్గం ఎక్కాడు. వాళ్ళింట్లో నేసే రకం పట్టుచీరకు అసలు ముఖం కిందికి ఉంటుంది, నేసేవాడికి కనబడేది వెనక వైపు. చీర మీద కుడికి చూడాల్సిన నెమలి మగ్గం మీద ఎడమకు చూస్తూ కూర్చుంటుంది. అప్పుడప్పుడూ కింద చిన్న అద్దం పెట్టి, బొమ్మ సరిగ్గా పడుతోందా అని చూసుకుంటారు. పాతికేళ్ళు అలా చూసిన కళ్ళకు ఏ బొమ్మయినా తిరగేసి ఉంటేనే సరిగ్గా ఉన్నట్టు. ఆ అలవాటు చేతికి ఎంతగా పట్టిందో అతనికి కూడా తెలియదు, కాలేజీలో మొదటిసారి నల్లబల్ల మీద భారతదేశం గీసేదాకా. వంపులన్నీ చక్కగా కుదిరాయి. కాకపోతే గుజరాత్ తూర్పుకు పోయింది, అస్సాం పడమరకు వచ్చింది. క్లాసంతా బెంచీలు చరిచి నవ్వింది.

పాఠం చెప్పే శోభారాణి మేడమ్ మాత్రం నవ్వలేదు. ఎందుకలా గీశాడో అడిగి తెలుసుకుని, "నువ్వు కంగారు పడితే నీ చెయ్యి మగ్గం కాడికి పరిగెత్తుతాంది. పరీక్షనాడు ప్రింటు మ్యాపు తగిలించుకో నాయనా, బోర్డు జోలికి పోవద్దు," అంది.

అతను తన మందు తాను కనిపెట్టుకున్నాడు. కుడి మణికట్టుకు ఒక ఎర్ర పట్టుదారం కట్టుకున్నాడు. బోర్డుకు ఎదురుగా నిలబడితే దారం ఉన్న వైపే తూర్పు, అటే బంగాళాఖాతం. చీరల అట్టపెట్టెలన్నీ భారతదేశాలతో నింపేశాడు. దారం చూసుకుంటూ గీసినంతకాలం ఒక్కటీ తిరగబడలేదు.

రెండో జాగ్రత్త కూడా తీసుకున్నాడు. ముందురోజే, పరీక్ష పెట్టిన హిందూపురం హైస్కూలుకు వచ్చి, పిల్లలకు అదే పాఠం ఒకసారి చెప్పేశాడు. ట్రైనీలు అందరూ చేసే పనే, ఎవరూ ఒప్పుకోని పని కూడా. ఏ ప్రశ్నకు ఎవరు లేవాలో చెప్పి, ఆఖర్న దండం పెట్టినంత పని చేశాడు. "రేపు పెద్దసారు వెనక కూర్చోనుంటాడు. నేనేం చెప్తే అది రాసుకోండి, నేనేం గీస్తే అది గీసుకోండి. ఎదురు ప్రశ్నలు మాత్రం వేయొద్దండి. నా బతుకు మీ చేతుల్లో ఉండాది."

పిల్లలు కిసకిసా నవ్వారు. రెండో బెంచీ చివర కూర్చునే సంగీత అనే పిల్ల నవ్వలేదు. సరేనన్నట్టు గట్టిగా తలూపింది.

ఎగ్జామినర్ చంద్రశేఖర్ సారు అరవైకి దగ్గరపడిన మనిషి. ఆ వారంలో ఎన్ని పాఠాలు విన్నాడో, ముఖంలో ఆ విసుగంతా ఉంది. వెనక బెంచీలో రికార్డుల దొంతర ముందు పెట్టుకుని, అమర్‌నాథ్ మ్యాపు విప్పి మేకుకు తగిలించబోతుంటే చెయ్యెత్తాడు.

"అది చుట్టి పెట్టప్పా. అచ్చేసిన మ్యాపు ఎవరైనా తగిలిస్తారు. జాగ్రఫీ చెప్పేవాడు చేత్తో గీయాల. గీయి."

అమర్‌నాథ్ మ్యాపు మళ్ళీ చుట్టాడు. నలభై మంది పిల్లలు చూస్తున్నారు. సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగాడు. దారం చూసుకోవాలని అతనికి గుర్తు రాలేదు. గుర్తొచ్చినా కనబడేది కాదు. మంజులత ఇస్త్రీ చేసిచ్చిన తెల్లచొక్కా నిండు చేతులది, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకుని ఉన్నాడు.

ఒకే ఊపులో గీసేశాడు. వెనక్కి తిరిగి చూసుకునే ధైర్యం లేక వెంటనే పాఠంలోకి దిగాడు. హిమాలయాలు, గంగా మైదానం, దక్కను పీఠభూమి. అడిగిన ప్రశ్నకల్లా అనుకున్న పిల్లవాడే లేచాడు, అనుకున్న జవాబే చెప్పాడు. కర్రతో తీరం చూపిస్తే "బంగాళాఖాతం సార్!" అని నలభై గొంతులు ఒక్కసారిగా పలికాయి. ఎగ్జామినర్ ఒకటి రెండుసార్లు తలూపి, రికార్డుల్లో సంతకాలు పెట్టుకుంటూ కూర్చున్నాడు. అమర్‌నాథ్ గుండె నెమ్మదిగా కుదుటపడింది. ఇంకో పది నిమిషాలు గడిస్తే గట్టెక్కినట్టే.

"ఇప్పుడు ఈ మ్యాపు మీ నోటుబుక్కుల్లో గీసి, పేర్లు పెట్టండి," అన్నాడు.

బెంచీల మధ్య తిరగడం కూడా పాఠంలో భాగమే, దానికీ మార్కులున్నాయి. తిరుగుతూ రెండో బెంచీ దగ్గర ఆగాడు. సంగీత ఒడిలో పాఠ్యపుస్తకం తెరుచుకుని ఉంది. నోటుబుక్కులో ఆమె గీసిన మ్యాపు ముచ్చటగా ఉంది, గుజరాత్ ముక్కు కూడా సరిగ్గా దిగింది. అంత మంచి మ్యాపును ఆ పిల్ల రబ్బరు పెట్టి చెరిపేస్తోంది. పుస్తకం చూస్తుంది, బోర్డు చూస్తుంది, చెరుపుతుంది. బాగా గీసినదాన్ని ఎందుకు పాడుచేస్తోందో అర్థం కాక, అతను ఆమె చూస్తున్న వైపు తల తిప్పాడు.

బోర్డు మీద గుజరాత్ తూర్పున ఉంది.

పక్క బెంచీలోకి చూశాడు, వెనక బెంచీలోకి చూశాడు. ముప్పై తొమ్మిది నోటుబుక్కుల్లో ముప్పై తొమ్మిది భారతదేశాలు, అన్నీ వెనక వైపు నుంచి చూసినవే. ఒక్కరూ నోరు మెదపలేదు. ఎందుకు మెదుపుతారు? నిన్న తను బతిమాలుకున్నది అదే కదా.

వాచీ చూసుకున్నాడు. ఆరు నిమిషాలున్నాయి. చంద్రశేఖర్ సారు తల వంచి రాసుకుంటున్నాడు. పాఠం చివర బోర్డు తుడిచి ఇంటిపని రాయడం మామూలే. ఇప్పుడు వెళ్ళి డస్టరు అందుకుంటే అయిపోయింది. ఎవరికీ తెలియదు, సాయంత్రానికి ధర్మవరంలో మంజులత మోకాళ్ళకు విశ్రాంతి. తర్వాత ఎవరో ఒక సారు ఈ పిల్లలకు సరైన మ్యాపు చూపించకపోతాడా? ఇలా తనకు తాను సర్దిచెప్పుకుంటూనే బోర్డు దాకా నడిచాడు. డస్టరు చేతిలోకి తీసుకున్నాడు కూడా.

"సార్." సంగీత నోటుబుక్కు పట్టుకుని వెనకాలే వచ్చి నిలబడింది. గొంతు బాగా తగ్గించింది, పెద్దసారుకు వినబడితే తన సారుకు చెడ్డపేరని కాబోలు. "నేను తప్పు గీసింటి సార్. పుస్తకం చూసి గీసినా, అందుకే తప్పొచ్చింది. ఇప్పుడు మీది చూసి సరిచేసినా. చూడండి."

అమర్‌నాథ్‌కు ఏడుపొచ్చింది. పరీక్ష మధ్యలో ఏడిస్తే బాగుండదని మింగేసుకున్నాడు. డస్టరు బల్ల మీద పెట్టాడు.

"అందరూ పెన్సిళ్ళు కింద పెట్టండి," అన్నాడు. "నేను గీసిన మ్యాపు తప్పు. కుడీ ఎడమా తారుమారు చేసినా. సంగీత మొదట గీసిందే సరైంది."

వెనక బెంచీలో పెన్ను ఆగింది. చంద్రశేఖర్ సారు అద్దాలు సరిచేసుకుని మొదటిసారి బోర్డును నిదానంగా చూశాడు.

"నేను పట్టుచీరలు నేసేవాణ్ణి. మాకు బొమ్మ వెనకనుంచి కనబడతాది. ఆ అలవాటు చేతిలో ఉండిపోయింది," అని పిల్లలకు చెప్పి, సంగీత చేతికి సుద్దముక్క ఇచ్చాడు. "నువ్వు గీయి తల్లీ."

"నాకు రాదు సార్."

"వస్తాది. చెరిపేసినావు చూడు, దాన్నే మళ్ళా గీయి."

ఆ పిల్ల కాశ్మీరు దగ్గర మొదలుపెట్టింది. గుజరాత్ దిగింది, కేరళ దాటింది, కన్యాకుమారి మలుపు తిరుగుతుండగా బెల్లు కొట్టారు. పునశ్చరణ ప్రశ్నలు మిగిలిపోయాయి. ఇంటిపని మిగిలిపోయింది. పాఠం సగంలో ఆగింది.

వరండాలో చంద్రశేఖర్ సారు మార్కుల కాగితం పట్టుకుని అతన్ని నిలబెట్టాడు.

"నేను తలెత్తనేలేదు కదప్పా. చెరిపేసుకోనుంటే సరిపోయేది. చూసినోళ్ళు ఎవరూ లేరు కదా?"

"సంగీత చూసింది సార్. చూసి, తనదే తప్పనుకునింది."

చంద్రశేఖర్ సారు క్లాసు గది వైపు చూశాడు. తర్వాత, "ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్తి. బోర్డు మీద నేనెన్ని తప్పులు చేసింటినో. ఒక్క పిల్లోడూ చెప్పలేదు," అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. పెన్ను తీసి రాశాడు. "మ్యాపు కాడ మార్కులు కోసినా. ముగింపు కాడా కోసినా. కోయక తప్పదు. పాసు మాత్రం చేస్తాండా, అత్తెసరుకు. ఫస్టు క్లాసు మాట మర్చిపో."

అమర్‌నాథ్ చేతులు జోడించాడు. మ్యాపు మర్చిపోయిన సంగతి గుర్తొచ్చి మళ్ళీ క్లాసులోకి పోయాడు. పిల్లలంతా బయటికి పోయినా సంగీత బెంచీలోనే కూర్చుని ఉంది. రుద్ది రుద్ది ఆమె కాగితానికి ఒకచోట చిల్లు పడింది.

"సార్, నిన్న మీరే చెప్పినారు కదా, మీరేం గీస్తే అదే గీయమని."

"అవునమ్మా, చెప్పినా. మ్యాపు కన్నా పెద్ద తప్పు అదే."

ఆమె పేజీ అంచు పట్టుకుంది. "ఈ పేజీ చించేసేదా సార్?"

"వద్దు."

నోటుబుక్కు తీసుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. పైన అతన్ని చూసి గీసిన మ్యాపు ముదురుగా ఉంది. దాని అడుగున, రబ్బరుకు పూర్తిగా పోని మొదటి మ్యాపు లేతగా కనబడుతోంది. జేబులోంచి ఎర్రపెన్ను తీసి, ముదురుగా ఉన్నదాన్ని అడ్డంగా కొట్టేశాడు. చెరిపేసిన గీతల మీద రైటు కొట్టి, కింద సంతకం పెట్టాడు.