కటౌట్ పెట్టె కింది రంగు

మా రమ్య నన్ను అడగకుండానే నా తరఫున మాట ఇచ్చేసింది.

అశోక్‌నగర్‌లో కిషన్ రావు గారి ఇంటి పైఅంతస్తు ఆడపిల్లల హాస్టల్. గ్రూప్స్ పరీక్షకు చదివే నా బిడ్డ అక్కడే ఉంటుంది. ఆ శనివారం నేను ఊరి నుంచి వచ్చి గేటు తీసేసరికి, చిక్కడపల్లి లైబ్రరీలో ఉండవలసిన పిల్ల కింద ఆ ఇంటి సారు కారు దగ్గర నిలబడి ఉంది. అరవై రెండు నాటి తెల్ల ఫియట్. అద్దంలా మెరుస్తోంది. బానెట్ లేచి ఉంది.

"మా బాపు చూస్తే పట్టేస్తడు అంకుల్. ముప్పై ఏండ్లు ట్రాక్టర్ డైనమోలు బాగుచేసిండు," అంటోంది సారుతో. నన్ను చూసి, "అగో, వచ్చిండు!" అంది.

సారు పక్కన నారాయణగూడ ఎలక్ట్రీషియన్ కరుణాకర్ ఉన్నాడు. చేతిలో కొత్త ఆల్టర్నేటర్ అట్టపెట్టె.

"డైనమో ఖతమైంది సార్. కొత్త బ్యాటరీ ఏసినం, అదీ దిగిపోయింది. పాతది పీకేసి గిది పెడితే గంట పని. మళ్ల పరేషాన్ ఉండది."

సారుకు డెబ్బై ఆరేళ్లు. ఆ కారు ఆయన తండ్రి కొన్నది. మరునాడు ట్యాంక్‌బండ్ మీద పాత కార్ల ఊరేగింపు. లోపలి సామాను ఒక్కటీ మార్చలేదని చెప్పుకోవాలని ఆయన ఆశ. ఆరు నెలలుగా దానికి రంగు వేయించి, మెరుగు పెట్టిస్తున్నాడు. ఇప్పుడు ఆ అట్టపెట్టె వైపు చూడలేకపోతున్నాడు.

"నాగలి కట్టనీకె ఇది ట్రాక్టర్ కాదు కాకా," అన్నాడు కరుణాకర్ నాతో.

పైన పిట్టగోడ మీద నుంచి నలుగురైదుగురు ఆడపిల్లలు వంగి చూస్తున్నారు. రమ్య చెవులు ఎర్రబడ్డాయి. నా వల్ల కాకపోతే ఎవరూ నన్నేమీ అనరు. నా బిడ్డ మాట పోతుంది.

"ఒక బల్బు ఇయ్యి," అన్నాను.

ఇచ్చాడు. మంచివాడే, నోరే కాస్త ఎక్కువ.

డైనమోకు రెండు తీగలు ఉంటాయి. రెండూ ఊడదీసి, ఆ రెండు మొనలనూ ఒక ముక్కతీగతో కలిపాను. బల్బు ఒక కొస అక్కడ, ఇంకో కొస డైనమో ఒంటికి పట్టాను. "స్టార్ట్ చేయండి సార్. మెల్లగ."

బల్బు మొదట నిప్పులా ఎర్రబడి, తర్వాత తెల్లగా వెలిగింది.

"డైనమో బతికే ఉన్నది."

కరుణాకర్ వంగి చూశాడు. "మరి లోపల ఎర్రలైటు ఎందుకు పోతలేదు?"

అదీ నిజమే. తీగలు మళ్లీ బిగించాను. ఇంజను వేగం పెంచితే, చార్జింగ్ అవుతుంటే ఆరిపోవలసిన ఎర్రలైటు ఇంకా మండింది. డైనమో చేసిన కరెంటు బ్యాటరీకి చేరాలంటే మధ్యలో కటౌట్ పెట్టె దాటాలి. మూత తీశాను. లోపలి తీగచుట్టలు మాడలేదు, పాయింట్లు నల్లబడలేదు. ఒక్కొక్క తీగనే వేలితో తడుముతూ పోయి వచ్చాను. ఎక్కడా తెగలేదు. రెండోసారీ పోయి వచ్చాను. సారు గడియారం చూసుకున్నాడు. కరుణాకర్ అట్టపెట్టె టేపు చింపాడు.

చిన్నప్పుడు నేను ట్రాక్టర్ కింద పడుకుంటే టార్చి పట్టింది రమ్యే. ఇదేమిటని ఏనాడూ అడగలేదు. నేనూ ఏనాడూ చెప్పలేదు. ఇప్పుడు నా పక్కకు వచ్చి వంగింది.

"అంకుల్, ఈ పెట్టె ఊడదీయించి రంగు ఏయించిన్రా?"

"అవునమ్మా. లోపల కూడా మచ్చ ఉండొద్దని అన్నీ తీయించి మూడు పూతలు ఏయించిన."

"బాపూ, పెట్టె కింద కూడా రంగే ఉన్నది, స్క్రూల కింద కూడా. ఇగ ఎర్త్ ఎట్ల తగుల్తది?"

ఇంతసేపూ తీగలనే చూశాను. తీగ లేని చోట చూడలేదు. ఆ పెట్టె ఇనుము కారు ఇనుముకు తగలాలి. మధ్యలో మూడు పూతల రంగు దుప్పటిలా పరుచుకుంది.

మళ్లీ స్టార్ట్ చేయించి, ముక్కతీగ ఒక కొస పెట్టె లోపలి ఇనుముకు, ఇంకో కొస ఇంజనుకు ఆనించాను. కారు లోపలి నుంచి సారు కేక వేశాడు. "ఆరిందయ్యా! ఆరింది!"

"గీకాలె సార్," అన్నాను.

కొత్త రంగు గీకడమంటే ఆయన మొహం చిన్నబోయింది. "ఎంత మేర?"

"పెట్టె కిందనే అంకుల్. ఎవ్వరికీ కనబడదు," అంది రమ్య.

నా జేబులోని చాకు ఆమె చేతికే ఇచ్చాను. పెట్టె ఊడదీసి, ఇనుము తెల్లగా తేలేదాకా గీకి, తనే స్క్రూలు బిగించింది. పట్టపగలు రెండు హెడ్‌లైట్లూ వేసి సారు ఇంజను లేపాడు. ఎర్రలైటు ఆరింది, మళ్లీ వెలగలేదు.

కరుణాకర్ అట్టపెట్టె చంకన పెట్టుకున్నాడు. "అక్కా, కొలువు వచ్చేదాక మా దుకాణంల కూసోరాదు?"

"కొలువు వచ్చినంక వస్త అన్నా, తనిఖీకి."

అందరూ నవ్వారు. సారు కారు దిగి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "లక్ష్మయ్యా, నీ చేతిల విద్య ఉన్నదయ్యా."

"నాకు దొరకలే సార్. మా బిడ్డ పట్టింది."

నలుగురిలో నేను అంత పొడుగు మాట అనడం అరుదు. పైన పిల్లలకు వినబడినట్టు లేదు. రమ్య తల దించుకుని చాకుకు అంటిన రంగు తుడుస్తోంది.

ఇంకోసారి, కాస్త గట్టిగా చెప్పాను.