ఆవకాయ జాడీ మీద నా నిఘా

గూఢచారిగా నేను పనిచేసింది మూడంటే మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో కనిపెట్టింది ఏమీ లేదు. పోగొట్టుకున్నది ఇప్పటికీ దొరకలేదు.

1969 ఎండాకాలం. బాలానగర్‌లో ఒక పొడుగాటి పెంకుటింట్లో గదులు కిరాయికి ఇచ్చేవారు. ఒక గదిలో మేము. మా ఆయన పెంటయ్యకు ఫ్యాక్టరీలో లేతు మిషన్ మీద పని. పక్క గదిలో భ్రమరాంబక్క. ఆమె భర్త సుబ్రహ్మణ్యంగారు అదే ఫ్యాక్టరీలో గుమస్తా. వాళ్లది తెనాలి వైపు, మాది మణికొండ. మణికొండ అంటే అప్పుడు రాళ్లు, సీతాఫలం చెట్లు, అంతే.

మా ఇద్దరినీ కలిపింది ఒక రాజుగారి హత్య. బజారులో పుస్తకాలు కిరాయికి ఇచ్చే మొగిలి, లావు నవలను ఎనిమిది ముక్కలు చేసి విడివిడిగా దారంతో కుట్టేవాడు. ఒక్క పుస్తకం ఎనిమిది ఇళ్లలో తిరగాలి కదా! మేమిద్దరం ఒక్కో ముక్క తెచ్చుకునేవాళ్లం. అక్క గంటలో ముగించేది. నేను పప్పు చుట్టిన కాగితాలు చూసి చదువు నేర్చుకున్నదాన్ని, నాకు రెండు రోజులు పట్టేది. గోడ అవతల నుంచి ఆమె అడిగేది:

"చంద్రమ్మగారూ, రాజుగారు ఇంకా బతికే ఉన్నారాండీ?"

"ఉన్నడక్కా. తాంబూలం పళ్లెం ఇంక రాలే."

ఆ కథలో, కోటలోనే ఎవరో రాజును చంపబోతున్నారు. అది ఎవరో పట్టడానికి ఒక వేగులవాడు తిరుగుతుంటాడు. వాడు ఎవరినీ ఏదీ అడగడు. ఆరేసిన చీర చూస్తాడు, గుర్రానికి కట్టిన ఉలవల మూట చూస్తాడు, ఎవరు ఎక్కడికి పారిపోతున్నారో చెప్పేస్తాడు. వాడంటే నాకు దేవుడితో సమానం.

ఆ ఏడు తెలంగాణ ఉద్యమం. బడులు మూశారు, బస్సులు ఎప్పుడు నడుస్తాయో తెలియదు. కోస్తా నుంచి వచ్చినవాళ్లు కొందరు సామాన్లు కట్టుకుని వెళ్లిపోతున్నారు. ఫ్యాక్టరీ గోడ మీద బొగ్గుతో రాసిన రాతలు నేను కూడబలుక్కుని చదివాను. అప్పటి నుంచి నాకు ఒకటే గుబులు. అక్క కూడా పోతుందా?

నా గుబులుకు కారణముంది. నాకు ఏడేళ్లప్పుడు మా అమ్మ దవాఖానకని ఎడ్లబండి ఎక్కి, "జర ఆగు బిడ్డా, వస్త" అని పోయింది. రాలేదు. పోయేవాళ్లు పోతున్నట్టు నాకు ముందే తెలియాలని అప్పటి నుంచి నా ఆరాటం.

మే నెలలో ఒక పొద్దున అక్క వచ్చి, "మూడు రోజులు మా గుమ్మం వైపు రాకండి, ఏమీ అనుకోకండేం" అని తలుపు వేసుకుంది. ఆడవాళ్ల మూడు రోజులు కావు. అవి అయిపోయి వారం కాలేదు, గోడ పక్కనున్నదాన్ని నాకు తెలియదా. మరేమిటి?

నేను నిఘా మొదలుపెట్టాను. సుబ్రహ్మణ్యంగారు గోనెసంచులు తెచ్చారు. కిటికీ సందులోంచి చూస్తే ఒక పెద్ద జాడీ, రెండు చిన్న జాడీలు. చిన్న జాడీల మూతులకు గుడ్డ వేసి, పురికొసతో బిగించి కట్టేశారు. ఇంట్లో ఉండే జాడీకి అంత బిగువు ఎందుకు? రైలెక్కే జాడీకే కావాలి.

"వాళ్లు పోతుండ్రు," అన్నాను మా ఆయనతో.

"ఎవరు చెప్పిండ్రే?"

"జాడీ చెప్పింది."

"జాడీ చెప్పిందా! ముందుగాల ఆ మొగిలిగాణ్ని తన్నాలె. పక్క ఇల్లేనాయె, పోయి అడగరాదు?"

"వేగులోళ్లు అడుగుతరా?"

ఆయన దండం పెట్టి డ్యూటీకి పోయాడు.

మూడో రోజు నల్లా దగ్గర నలుగురం బిందెలతో నిలబడ్డాం. అక్క తలంటుకుని, నవ్వుకుంటూ వచ్చింది. చెప్పకుండా పోబోతూ ఆ నవ్వేమిటి? నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు వస్తే నాకు నోరు పెద్దదవుతుంది.

"పోయేటోళ్లు పోక ఇంక ఇక్కడెందుకు? పొండి!" అన్నాను, అందరి ముందు. బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేశాను. సగం దారిలో గుర్తొచ్చింది, ఫ్యాక్టరీ గోడ మీదా ఇంచుమించు అవే మాటలని.

మర్నాడు ఆమే వచ్చింది, చిన్న జాడీ పట్టుకుని.

"ఇది మీకు. మా ఇంట్లో ఆవకాయ మడితో కలుపుతామండీ. మూడో రోజు తిరగకలిపేదాకా జాడీల మూతులు బిగించి కట్టేస్తాం, ఎవరినీ రానివ్వం, ఎవరికీ పెట్టం. ఇస్తూ చెబుదామని ముందు చెప్పలేదు."

"మరి సంచులు?"

"మామిడికాయలు దేంట్లో తెస్తారండీ?"

నా కళ్లు జాడీ మీదే ఉన్నాయి. ఆమె మెల్లగా అంది: "బెజవాడ ఆఫీసుకు బదిలీ కాగితం పెడతానని మా ఆయన నెల నుంచి అంటున్నారు. పక్కన చంద్రమ్మగారుండగా మనకేం భయమని నేనే ఆపాను. నిన్న నల్లా దగ్గర మాట ఆయన విన్నారు. సాయంత్రమే పెట్టేశారు."

"నేను గట్ల అనలేదక్కా!"

"అన్నారు కదండీ."

అప్పుడు చెప్పాను అంతా. వేగులవాడు, జాడీ, కిటికీ సందు. ఆమె కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "నన్నడిగితే చెప్పేదాన్ని కదండీ! నాకు నవ్వొస్తుంది గానీ, ఆయనకిప్పుడు ఇక్కడ నిద్ర పట్టదు చంద్రమ్మగారూ."

పద్నాలుగు రోజుల తర్వాత రిక్షా వచ్చింది. నవల ఎనిమిదో ముక్క అప్పటికి మా చేతికి రాలేదు. "రాజుగారిని ఎవరు చంపారో ఉత్తరం రాయండి," అంటూ ఎక్కింది. "జర ఆగక్కా," అన్నాను. చెప్పడానికి మాటేమీ లేదు, ఊరికే అన్నాను. రిక్షా ఆగింది. అక్క నా వైపే చూసింది. రిక్షా కదిలింది.

ఎనిమిదో ముక్క ఆషాఢంలో దొరికింది. చదవడం వచ్చు గానీ రాయడం రాదు నాకు. పలక కొనుక్కుని నేర్చుకుని కార్డు రాసేసరికి సంక్రాంతి దాటింది. "అక్కా, చంపింది ఏనుగు మావటి. మనం అనుమానపడినవాళ్లు ఎవరూ కాదు. కోపం పోయిందా?"

కార్డు తిప్పాను, అడ్రసు రాద్దామని. మూడు రోజులు ఆ గడపను కాచినదాన్ని, బెజవాడలో ఏ వీధికి పోతున్నావక్కా అని ఒక్క మాట అడగలేదు. మా ఆయన ఫ్యాక్టరీలో ఆరా తీస్తే, సుబ్రహ్మణ్యంగారు అక్కడ కూడా మానేసి ఎటో వెళ్లారన్నారు.

కార్డు ఆ చిన్న జాడీలోనే పెట్టాను. మూతికి గుడ్డ వేసి, పురికొసతో గట్టిగా కట్టాను. ఇప్పుడు ఏ వేగులవాడైనా కిటికీలోంచి చూస్తే, ఈ ముసలిది ఎక్కడికో ప్రయాణం కట్టిందనుకుంటాడు.