అతికించిన నాలుగు పేజీలు

వదిన సంచిలోంచి భూతద్దం తీసి బల్ల మీద పెట్టగానే నా కళ్ళు రెండో ఆల్బమ్ మీదికి పోయాయి.

వదిన అంటే మా ఆయన అక్క. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆవిడది. అక్కాతమ్ముళ్ళు చిన్నప్పుడు కలిసి పోగేసిన స్టాంపుల ఆల్బమ్‌లు మూడు మా ఇంట్లోనే ఉండిపోయాయి. ఇన్నేళ్ళూ వాటి పంపకం మాట రాలేదు. ఇప్పుడు మేమే తెచ్చాం. మా పాప పడుకునే గది గోడ ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. పిల్లకి దగ్గు వదలడం లేదు. రెండు వీధుల అవతల పొడిగా ఉన్న వాటా ఒకటి చూశాం. అడ్వాన్సు అరవై వేలు, మా దగ్గరున్నది ఇరవై. రేపటిలోగా కట్టకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు ఇంటాయన. ఆ ఇల్లు చెయ్యిజారితే దగ్గు ఆయాసమవుతుంది, ఆయాసమైతే ఆస్పత్రి... అక్కడిదాకా వెళ్ళి నా బుర్ర వెనక్కి రాదు.

పంపకానికి వాళ్ళకో పద్ధతుంది. చిన్నప్పుడు ఒకే బన్ను ఉంటే ఒకరు కోసేవారట, ముందు తీసుకునేది రెండోవాళ్ళట. ఇప్పుడూ అంతే. మా ఆయన ధర చెప్పాలి. అందులో సగం ఇచ్చి ఆల్బమ్‌లు ఉంచుకోవడమో, సగం తీసుకుని వదిలేయడమో వదిన తేల్చాలి. ఇందులో మోసానికి తావే లేదని ఇద్దరి ధీమా.

తావు ఉంది. అది నేను చేసిన పని.

ఆరేళ్ళ కిందట, ముసురు పట్టిన రోజుల్లో, రెండో ఆల్బమ్‌లో వాడని స్టాంపులు ఉన్న పేజీలు నాలుగు చెమ్మకి వంకర్లు తిరిగాయి. స్టాంపులు వాటిని పట్టి ఉంచే కాగితపు పట్టీల్లోంచి ఒక్కొక్కటే ఊడి పడుతున్నాయి. చీపురులో పోతాయేమో, ఈయన నన్ను ఏమంటాడో అని హడలిపోయి, వేలు తడి చేసుకుని, వాటి వెనకున్న జిగురుతోనే అన్నిటినీ గట్టిగా అతికించేశాను. ఎంత బాగా కుదిరాయో అని మురిసిపోయాను కూడా. పోయిన వారం ఈయన బస్సుల డిపోలో పని ముగించుకుని వచ్చి, స్టాంపుల ధరల పుస్తకం ముందేసుకుని పైకి చదివాడు: వాడని స్టాంపు వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉంటేనే ఈ ధర. ఆయన డ్యూటీకి వెళ్ళాక ఒక స్టాంపు అంచు గోటితో లేపి చూశాను. కదల్లేదు. వారమంతా నోరు విప్పలేదు.

"చెప్పరా," అంది వదిన.

"ఎనభై వేలక్కా. ఒక్కోటీ పుస్తకంతో సరిచూసుకున్నాను. నువ్వూ చూసుకో."

"నువ్వు చూశాక నేను చూసేదేముంది? బస్సు కింద దూరి బోల్టులు లెక్కపెట్టేవాడివి, స్టాంపులు లెక్కపెట్టలేవా?" పేజీలు తిప్పుతూ పోయింది. స్టాంపుని చేత్తో ముట్టకూడదన్నది వాళ్ళు చిన్నప్పుడు పెట్టుకున్న రూలు. ఇద్దరూ ఇప్పటికీ తప్పరు. ఆ నాలుగు పేజీల దగ్గర ఆగింది. "ఎంత నున్నగా ఉన్నాయిరా ఇవి. వీటిని వదలబుద్ధి కావట్లేదు. నేనే ఉంచుకుంటాను. నీ నలభై ఇదిగో."

కవరు బల్ల మీదికి వచ్చింది. నలభై, ఇరవై, అరవై. లోపలి గదిలో పాప దగ్గింది. ఊరుకుంటే సరిపోతుంది. ఊరుకోవడం ఎలాగో నాకు తెలుసు, వారం నుంచి చేస్తున్నదదే.

కానీ రేపో మాపో ఈవిడ వాటిని ఎవరికో చూపిస్తుంది. చిన్నప్పుడు బన్ను సరిగ్గా కోసిన తమ్ముడు తనని ముంచాడనుకుంటుంది. పాపం ఆయనకేమీ తెలియదు.

"వదినా, ఆ డబ్బు లోపల పెట్టు," అన్నాను. "ఆ నాలుగు పేజీలూ అతుక్కుపోయాయి. నేనే అతికించాను."

ఈయన నా వంక చూశాడు. "ఏంటి నువ్వనేది?"

"వేలు తడి చేసి, వాటి జిగురుతోనే. ఊడి పోతాయని భయమేసింది."

"నీకు భయం వెయ్యందేదైనా ఉందా అసలు?" అని తల పట్టుకున్నాడు. "వారం నుంచీ నేను లెక్కలు కడుతుంటే పక్కనే కూర్చున్నావు కదే."

వదిన సంచిలోంచి చిన్న పట్టకారు తీసింది. దాంతో ఒక స్టాంపు అంచు నెమ్మదిగా తట్టి చూసింది, మరొకటి చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, భూతద్దం కంటికి ఆనించి, ధరల పుస్తకం అడిగింది. "ఈసారి ధర నేను చెప్తాను. తేల్చేది నువ్వు," అంది తమ్ముడితో.

ఇంటి కోసం దాచిన ఇరవై తీసి మేం కొనలేమని ఆవిడకి తెలుసు. ఆవిడ పది వేలన్నా ఈయన తలూపాల్సిందే. గంటసేపు ఆవిడ పెన్సిల్ గీతలు వింటూ వంటింటికీ ముందు గదికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. పాపకి రెండుసార్లు దుప్పటి సర్దాను.

"ముప్పై ఆరు వేలు," అంది చివరికి, కాగితం తమ్ముడి వైపు తోసి. "చూసుకో."

ఆయన వరసగా చూసుకున్నాడు. ఒక్కచోట కూడా వేలు ఆగలేదు. "సరే అక్కా. నువ్వే ఉంచుకో."

వదిన కవరులోంచి పద్దెనిమిది వేలు లెక్కపెట్టి ఇచ్చి, మిగతావి సంచిలో వేసుకుంది. గుమ్మం దగ్గర నేను, "తిట్టవా వదినా?" అన్నాను.

"తిడతాను మరదలా. ఇప్పుడు బస్సు పోతుంది, తీరిగ్గా వచ్చి తిడతాను," అని ఆల్బమ్‌లు చంకన పెట్టుకుని మెట్లు దిగింది.

మా ఇరవైతో కలిపి మొత్తం ముప్పై ఎనిమిది. ఈయన ఇంటాయనకి ఫోన్ చేశాడు. పాప దగ్గు అవతలికి వినబడకుండా వంటింట్లోకి వెళ్ళి తలుపు చేరవేసుకున్నాడు. "అవునండీ... ముప్పై ఎనిమిదే... మిగతాది నాలుగు నెలల్లో..." తర్వాత ఆయన గొంతు తగ్గింది. కాదన్నాడనుకున్నాను. పిల్లని ఎవరింట్లో పడుకోబెట్టాలా అని చుట్టాలనందరినీ వరసగా తలుచుకున్నాను.

తలుపు తెరుచుకుంది. "ఒప్పుకున్నాడు. పొద్దున్నే వచ్చి తాళం తీసుకోమన్నాడు."

కుర్చీలో కూలబడ్డాను. ఒక్క నిమిషం ఒళ్ళు తేలికపడింది, అంతే.

"అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడండీ?"

"ఏం, ఒప్పుకోకూడదా?"

"మిగతాది నాలుగు నెలలకిచ్చినా ఫరవాలేదన్నాడంటే ఆ ఇంట్లో ఏదో ఉండే ఉంటుంది. వెనక గది గోడ మనం చెయ్యి పెట్టి చూడలేదు. చెప్పులేసుకోండి, వెలుతురు ఉండగానే ఒకసారి చూసొద్దాం."