నేను సరిచేసిన దారి

ముప్పై రెండేళ్లు హిందూపురంలో పిల్లలకు సోషల్ చెప్పినదాన్ని. స్కేలు పెట్టకుండా గీత గీస్తే నాకు ఒళ్లు మండేది. వంకర గీత కనబడితే చాలు, ఎర్ర పెన్ను దానంతట అదే చేతిలోకి వచ్చేది. రిటైరయినా ఆ జబ్బు పోలేదు. ఆ జబ్బుతోనే ఒక మనిషి గొర్రెలకు నీళ్లు లేకుండా చేయబోయాను. నా మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు, అందుకే చెబుతున్నాను.

రిటైరయ్యాక నాకు పట్టిన పిచ్చి మ్యాపు. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి గీసే మ్యాపు ఒకటుంది. అది ఎవరి సొత్తూ కాదు. ఎవరి ఊరు వాళ్లు నడిచి, చూసి, అందులో చేరుస్తారు. ఎవరైనా వాడుకోవచ్చు. మిగతా మ్యాపుల్లో మా వైపు ఎట్లా ఉంటుందో ఎప్పుడైనా చూశారా? కార్ల షోరూము ఉంటుంది, పల్లె ఉండదు. పల్లె ఉంటే పల్లెకు పోయే దారి ఉండదు. మనుషులు బతికే చోటంతా తెల్లగా వదిలేసి, దాన్ని మ్యాపంటారా! ఆ మంట మీదే నేనూ లక్ష్మీకాంతూ ఈ పనిలో దిగాం.

లక్ష్మీకాంత్‌ది ధర్మవరం. ముప్పై అయిదేళ్లుంటాయి, పట్టుచీరలు నేస్తాడు. వారంలో ఆరు రోజులు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు కాబట్టి ఏడో రోజు నడవకపోతే ఆ కాళ్లు ఊరుకోవంటాడు. ఆదివారం అతను నడుస్తాడు. జేబులోని ఫోను ఆ నడకనంతా చుక్కలు చుక్కలుగా రాసుకుంటుంది. అతను దాన్ని మ్యాపులో పెడతాడు. నేను ఇంట్లో కూర్చుని తప్పులు దిద్దుతాను. దిద్దడం నా పని అని నాకెవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను.

మొన్న ఎండాకాలంలో పెనుకొండ అవతలి పల్లె నుంచి, మా మ్యాపు సంగతి విని, శంకరమ్మ అనే ఆమె ఫోన్ చేసింది. ఆమెకు యాభై జీవాలున్నాయి. గొర్రెల్ని మేం జీవాలంటాం. ఊరికీ కొండకూ మధ్య ఉన్న బీడు ఒక సోలార్ కంపెనీకి ఇస్తున్నారట, చుట్టూ కంచె వేస్తారట. కొండలో నల్లదొన ఉంది, బండల మధ్య నీళ్లు నిలిచే గుంట. ఊళ్లో బోర్లన్నీ ఎండినా అందులో నీళ్లుంటాయి. ఆ బీడు దాటకుండా జీవాలు దొనకు పోలేవు.

"అర్జీ ఇస్తే, ఈడ దారే లేదంటాండారు టీచరమ్మా," అని ఫోన్లోనే అరిచింది. "మా నాయన నడిచినాడు, వాళ్ల నాయన నడిచినాడు. ఇన్ని తరాల జీవాలు గాల్లో ఎగిరిపొయ్యి నీళ్లు తాగొచ్చినాయా?"

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "నువ్వు ఊరుకో శంకరమ్మా. దారి ఉండాదో లేదో లోకమంతా చూసేటట్టు చేస్తాం," అన్నాను. మాటలకేం, నా దగ్గర ఎప్పుడూ కొదవ లేదు.

ఆ ఆదివారం లక్ష్మీకాంత్ తెల్లారినప్పటి నుంచి ఆమె మంద వెనకాల నడిచాడు. సాయంత్రానికి దారి మ్యాపులోకి ఎక్కింది. చూసి నాకు తల తిరిగింది. అదేం దారండీ! ఊళ్లోంచి బయల్దేరి కుడికి పోతుంది, వంకలో, అంటే వాగులో, దిగుతుంది, ఎడమకు తిరుగుతుంది, ఒకచోట వెనక్కి కూడా వస్తుంది. తిన్నగా పోతే కిలోమీటరున్నర. ఇది మూడు కిలోమీటర్లు తేలింది. ఫోనుకు సిగ్నల్ తప్పి ఉంటుంది, లేదంటే జీవాలు మేతకని అటూ ఇటూ పోయుంటాయి అనుకున్నాను. ఇట్లాంటిది తీసుకుపోతే ఆఫీసులో నవ్వుతారు అనుకున్నాను. లక్ష్మీకాంత్‌ను అడగలేదు. శంకరమ్మను అడగలేదు. ఫోను చేతిలోనే ఉంది, అడగాలని తోచలేదు. వంకరలన్నీ చెరిపేసి ఊరి నుంచి దొనకు తీరుగా ఒక గీత గీశాను. నా కళ్లకు ఎంత ముచ్చటగా ఉందో! ప్రింటు తీయించి లామినేషన్ కూడా చేయించాను.

ఆమె అర్జీ మీద విచారణ పెనుకొండ రెవెన్యూ ఆఫీసులో జరిగింది. అధికారి చిన్న వయసువాడే, మర్యాదగా కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు, నిలబడే దులిపేశాను.

"దారి లేదని రాసినోళ్లు ఒక్కరోజన్నా ఆ బీడులో కాలు పెట్టినారా సార్? ఫ్యాను కింద కూర్చుని లేదని రాసేస్తే ఉండే దారి లేకుండా పోతుందా? నడిచేవాళ్లను ఒక్క మాట అడగాలని కూడా తోచలేదా?"

లామినేషన్ చేసిన మ్యాపును టేబుల్ మీద చప్పుడయ్యేలా పెట్టాను. వెనక బెంచీ మీద లక్ష్మీకాంత్ పక్కన కూర్చున్న శంకరమ్మ ముఖం వెలిగిపోయింది. నేను ఇంకాస్త నిటారుగా నిలబడ్డాను.

కంపెనీ తరఫు మనిషి లేచి ఆ మ్యాపు పక్కన ఒక ఫోటో పెట్టాడు.

"సార్, ఈ గీత జోడుగుండ్ల మీదుగా పోతోంది. నిలువునా ముప్పై అడుగుల బండలు. గొర్రెలు వాటినెట్లా ఎక్కుతాయో మేడం చెబితే మేమూ నేర్చుకుంటాం. మాకు అడ్డం పడాలని ఇంట్లో కూర్చుని గీసిన గీత ఇది."

గదిలో నవ్వారు. అధికారి ఫోటో చూశాడు, మ్యాపు చూశాడు. "మేడం, ఈ దారిలో మీరు నడిచారా?" అన్నాడు.

నేను వాళ్ల మీద విసిరిన మాటే తిరిగొచ్చి నా చెంప మీద పడింది.

శంకరమ్మ లేచి వచ్చి మ్యాపు మీదకు వంగింది. లక్ష్మీకాంత్ వేలు పెట్టి ఊరు, గుండ్లు, దొన చూపించాడు. "ఇదేందప్పా, గుండ్ల మీద పోతాండాది!" అంది ఆమె. "మేం ఈడ పోము గదా!"

"విన్నారు కదా సార్, వాళ్లే పోమంటున్నారు," అన్నాడు కంపెనీ మనిషి. చప్పట్లు కొట్టడమే తక్కువ. అధికారి పెన్ను మూత తీశాడు. ఆయన రాసే ఒక్క ముక్కతో దొన కంచె అవతలికి పోతుంది. శంకరమ్మ నా వైపు చూసింది. ఏం జరిగిందో ఆమెకింకా అర్థం కాలేదు.

లక్ష్మీకాంత్ నా చెవి దగ్గరికి వచ్చాడు. "మేడం, మొదట నేను పెట్టిన దారి యాడికీ పోలేదు. ఎవురు ఎప్పుడు ఏం మార్చినారో మ్యాపులో అంతా ఉంటాది. చూపిస్తే మీ పేరు కూడా కనపడతాది," అని తల వంచుకున్నాడు.

అప్పుడు తెలిసింది, గీత చూసినప్పటి నుంచీ అతనికి సంగతి తెలుసు. నా మర్యాద కోసం నోరు మూసుకున్నాడు. పెద్దావిడ, టీచరు, నలుగురిలో తల దించుకోవాల్సి వస్తుందని! ఛీ, ఎందుకొచ్చిన మర్యాద! దానికోసం యాభై జీవాలు ఎండకు చావాలా?

"చూపించప్పా," అన్నాను గదంతా వినబడేలా. "సార్, రాయడం ఆపండి. తప్పు శంకరమ్మది కాదు, ఈ అబ్బాయిది కాదు. నాది. ఇతను నడిచి పెట్టిన దారిని నేను నడవకుండా చెరిపేసినాను. ఎవర్నీ అడగలేదు."

లక్ష్మీకాంత్ ఫోను తీసి అధికారి ముందు పెట్టాడు. తేదీతో సహా వంకర దారి ఉంది. దాని తర్వాత నా పేరు, పక్కనే నేను చేతులారా టైపు చేసిన మాట: 'దారిని సరిచేశాను.' కంపెనీ మనిషి దాన్ని పైకి చదివాడు. చదవనీ అనుకున్నాను. చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత.

అధికారి శంకరమ్మను పిలిచాడు. "ఇక్కడ వంకలోకి ఎందుకు దిగుతారమ్మా?"

"ఆడ కానుగ చెట్లుండాయి సార్. నీడ లేకుంటే గొర్రెపిల్లలు నడవలేవు."

"ఇక్కడ వెనక్కి వచ్చారే?"

"అది హనుమప్పోళ్ల తోట. కొత్తగా మామిడి పెట్టినారు. జీవాలు నోరు పెడితే ఊరుకుంటారా? సుట్టుకోని రావాల."

ఆయన వేలు పెట్టిన ప్రతి మలుపుకూ ఆమె దగ్గర ఒక కారణం ఉంది. అంటే నేను చెరిపిన ప్రతి మలుపుకూ.

"రేపు పొద్దున నేనే వస్తాను. మందను తోలండి," అన్నాడు అధికారి. జీవాలు ఎటు తోలితే అటు పోతాయని కంపెనీ మనిషి గొణిగాడు. "తోలకుండా వదలమందాం, చూద్దాం," అన్నాడాయన.

పొద్దున్నే మంద ముందు, మేం వెనక నడిచాం. మోకాళ్లు ఏడుస్తున్నా నేను ఆగలేదు. శంకరమ్మ కట్టె భుజాన వేసుకుని అందరికంటే వెనక నడిచింది, ఒక్కసారి కూడా అదిలించలేదు. జీవాలు వంకలోకి దిగాయి, కానుగ నీడలో నిలబడ్డాయి, తోటను చుట్టుకున్నాయి. లక్ష్మీకాంత్ ఫోన్లో చుక్క అతను మొదట పెట్టిన గీతను వదలకుండా కదిలింది. జోడుగుండ్ల దగ్గర మంద దానంతట అదే పక్కకు తిరిగింది, తిరిగి ఆగిపోయింది. అక్కడ వరసగా గుంతలున్నాయి. కంచె స్తంభాలకు తవ్వినవి, మట్టి ఇంకా పచ్చిగా ఉంది. విచారణ ముగియకముందే! దారి ఉందో లేదో తేలకముందే!

"ఏమప్పా, ఎవరు తవ్వమన్నారు మిమ్మల్ని?" అని నేను అరిచేలోపే అధికారి అదే మాట అడిగాడు. కంపెనీ మనిషి తన బూట్లు చూసుకున్నాడు. ఆ గుంతలు పూడ్చాలని, బండి పట్టేంత వెడల్పున దారి వదిలి కంచె వేసుకోవాలని అధికారి అక్కడే నిలబడి రాయించాడు.

దొనలో జీవాలు తలలు వంచి నీళ్లు తాగుతుంటే శంకరమ్మ పక్కన బండ మీద కూర్చున్నాను. "తప్పయిపోయింది శంకరమ్మా," అన్నాను.

పోనీలే అంటుందనుకున్నాను. అనలేదు.

"తప్పే," అంది. "ఒక్క మాట అడిగింటే పొయ్యేది గదా. నేనేమన్నా మూగదాన్నా?"

ఆమే మళ్లీ, "ఇంగ ఎవురూ దీన్ని సరిజేయకుండా ఆ ఫోన్లో ఏమన్నా రాయి," అంది. అక్కడే కూర్చుని, ఆ దారి మీద అందరికీ కనబడేలా రాశాను. రాసి ఆమెకు చదివి వినిపించాను. "ఈ దారి వంకరే. జీవాల వెనక నడవకుండా ఎవరూ దీన్ని ముట్టుకోవద్దు."

శంకరమ్మ కట్టె అందుకుని లేచింది.

"ఎవురూ అంటే, నువ్వు గూడా గదా?"

"నేనే ముందు," అన్నాను.